సలసెయిని ఖాళీ చాప

సువాలో మా సంఘం వాళ్ళు ఓడ బయలుదేరే ముందు ఇప్పటికీ చర్చి హాల్లో చాపలు పరుస్తారు. ఒక్కో చాప ఒక్కో దీవి. మధ్యలో ఉన్న గచ్చు సముద్రం. చెప్పులు విప్పి, ఎవరి పెట్టె వాళ్ళు మోసుకుంటూ ఆ సముద్రం దాటాలి. ఖాళీ పెట్టెలు మోస్తే కుదరదు, నిండినవే మొయ్యాలి. "బరువు తెలియనివాడికి దారి తెలిసినట్టు కాదు" అనేది సలసెయిని. ఆ పద్ధతి ఆమె పెట్టిందే. ఆమె నా భార్య. పోయిన వానల్లో పోయింది.

మాది చిన్న సంఘం. డాక్టర్లు లేని దూరపు దీవులకి ఏటా ఓడలో కంటి డాక్టర్ని తీసుకెళ్ళి శుక్లాలు తీయిస్తాం. ఎవరికీ జీతాల్లేవు. పాస్టరు అపెనీసా గారు అధ్యక్షులు. ఓడ నడిపేది ఇలైతియా, సలసెయినికి వరసకి బావ. డాక్టర్ నెరిడా బ్రిస్బేన్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చేది. నేను బడిపంతుల్ని, దీపాలూ బ్యాటరీలూ నావి. సలసెయిని మొదట్లో వంటకని ఓడెక్కింది.

ఆమె వంట మానేసి పథకాలు వెయ్యడానికి కారణం నైవలు దీవిలో మేం చేసిన ఒక తెలివితక్కువ పని.

ఏ ఊళ్ళో కాలు పెట్టాలన్నా ముందు, దంచి నీళ్ళలో కలిపి తాగే యంగోనా వేరు కట్ట పెద్దల ముందు పెట్టాలి. వాళ్ళు దాన్ని అందుకుని "రండి" అన్నాకే రావడం. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లలకీ తెలుసు. ఆ ఏడు నైవలు ఇసకలో పడవ ఆగింది. మంచాన పడ్డ దీవి పెద్ద తరఫున అతని తమ్ముడు సకియూసా ఊరివాళ్ళతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాస్టరు గారు గొంతు తగ్గించి అన్నారు, "యంగోనా ఏదిరా?"

"మీ దగ్గర లేదా?" అన్నాడు ఇలైతియా.

"నా దగ్గరెందుకుంటుంది? అక్కడ మాట్లాడేవాడివి నువ్వు కదా!"

"మాట్లాడేది నేనే పాస్టరు గారూ. తెచ్చేది నేను కాదు."

అందరూ వెనక్కి తిరిగి సలసెయిని వైపు చూశారు.

"నన్నేం చూస్తారు? బియ్యం తెచ్చాను, ఉప్పు తెచ్చాను. మీ మర్యాద కూడా నా కుండలోంచే రావాలా?"

సకియూసాకి కోపం రాలేదు. అదింకా చిన్నతనంగా తోచింది మాకు. "మా ఊరి మేక కూడా ఎవరింటికైనా పోతే నోట్లో ఇంత ఆకు పెట్టుకుని పోతుంది. వెళ్ళి తెచ్చుకోండి, కూర్చునే ఉంటాం" అన్నాడు. పక్క దీవికి పోయి తెచ్చేసరికి ఆటు తగిలింది. పగడపు గట్టు పళ్ళన్నీ బయటపెట్టింది. గాలి మారింది. ఇలైతియా ఓడ తిప్పేశాడు.

మేం ఇసక దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడే అక్కడ ఒక కొబ్బరి మొద్దు మీద ఉలమిలా కూర్చుని ఉంది. దీవి పెద్ద భార్య. చాప అల్లితే ఆ చుట్టుపక్కల ఆమే అల్లాలి. ఎడమ కన్ను అప్పటికే పూర్తిగా పోయింది. కుడికంట్లో, తడిక సందులోంచి వచ్చేంత వెలుతురు మిగిలింది. తలకి నూనె రాసుకుని, ఉతికిన బట్ట కట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చుంది. మా పడవ ఇంజను వెనక్కి పోతుంటే ఆ చప్పుడుతో పాటు ఆమె ముఖం మెల్లగా తిరిగింది. చప్పుడు ఆగిపోయాక కూడా అటే ఉంది.

సలసెయిని పడవ చివర నిలబడి అది చూసింది. సువా రేవులో దిగాక పాస్టరు గారితో ఒక్క మాట అంది. "అందరికీ తెలిసిన పని ఎవరిదీ కాదు పాస్టరు గారూ. మనకి తెలియనివాటికి మనుషుల్ని పెట్టుకున్నాం. తెలిసినవి గాలికొదిలేశాం."

తరవాత ఏటికి ఆమె హాల్లో చాపలు పరిచింది.

ఆ మొదటిసారి అందరికీ వేళాకోళంగానే ఉంది. ఆమె చిట్టచివరి చాప దగ్గర నిలబడి, "కట్టు విప్పాక చివరి ముసలమ్మని చెయ్యి పట్టుకుని ఇంటికి దిగబెట్టేది ఎవరు?" అని అడిగింది. "ఆమె ఇంటి గుమ్మం ఎంత ఎత్తు? దిగబెట్టినవాడు తిరిగి పడవ దగ్గరికొచ్చేసరికి నీళ్ళు ఉంటాయా?"

"పథకమంటే మొదట్నుంచి చివరికి వేస్తారు కదమ్మా" అన్నారు పాస్టరు గారు.

"చాప ఎంత పొడుగు కావాలో తెలియకుండా ఆకు కోస్తారా? పడుకునేవాడి కాళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూసే కోస్తాం. మనం కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెడదాం."

అలా వెనక్కి నడిచింది. కట్టు విప్పేదానికి ముందు కట్టు కట్టడం, దానికి ముందు కన్ను కొయ్యడం, దానికి ముందు కత్తులు ఉడకబెట్టడం, దానికి ముందు నీళ్ళు, దానికి ముందు నీళ్ళు తోడేవాడు, వాడికి ముందు వాడి అన్నం. ఒక్కో పనికి ఒక్క మనిషిని పేరు పెట్టి పిలిచి చాప మీద కూర్చోబెట్టింది. "అప్పుడు చూసుకుందాం" అన్నవాణ్ణి సముద్రంలో, అంటే గచ్చు మీద నిలబెట్టేది. ఇలైతియా చాలాసేపు సముద్రంలోనే ఉన్నాడు. వెనక్కి నడిచి నడిచి ఆమె సువా అంగడి దాకా వచ్చి ఆగింది. అక్కడ యంగోనా కట్ట. అది కొనడం ఒకరి పని, మొయ్యడం ఇంకొకరిది, బయలుదేరే ముందు ముట్టుకుని చూడడం మూడో మనిషిది.

అన్ని దీవులూ అయ్యాక ఒక చాప మిగిలింది. దాని మీద ఏమీ లేదు.

"ఇది నా నిద్రకా మరదలా?" అన్నాడు ఇలైతియా.

"నీ నిద్రకి చాపెందుకు బావా, చుక్కాని పట్టుకునే గురక పెడతావుగా. ఇది మనం అనుకోనిది జరిగే చోటు. ఏం జరుగుతుందో తెలీదు గనక ఏమీ పెట్టలేదు. ఇక్కడికొచ్చేసరికి మనలో ఒకరి చేతులు ఖాళీగా ఉండాలి."

ఆ ఒకరు తనే. అందరికీ పనులిచ్చి తనకి ఏ పనీ పెట్టుకోలేదు. పథకం వేసినామెకి పని లేదేమిటని సంఘంలో కొందరు గొణిగారు.

అంతా కుదిరింది. ఓడకి నూనె పట్టాం. డాక్టర్ నెరిడా విమానం దిగింది. అప్పుడు రేడియోలో కబురొచ్చింది. నైవలు దీవి పెద్ద పోయాడు.

పెద్ద పోతే దీవి నోరు మూసుకుంటుంది. పగడపు గట్టు లోపల వల వెయ్యకూడదు, ఇంజను మోగకూడదు, గట్టిగా పిలవకూడదు, నవ్వకూడదు. నెలల తరబడి అలాగే. ఆ కట్టడి విడిచేసరికి తుఫానులు మొదలవుతాయి. ఇక ఓడ వచ్చే ఏడే. భార్య అయితే ఆ నెలలన్నీ గడప దాటదు, సముద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. భర్త మంచంలో ఉన్నన్నాళ్ళూ వదిలి సువా ఆస్పత్రికి రాలేకపోయిన ఉలమిలా, ఇప్పుడు అతను పోయి రాలేకపోయింది.

నైవలు నర్సు రేడియోలో చెప్పిన లక్షణాలు విని డాక్టర్ నెరిడా తల అడ్డంగా ఊపింది. "ఆ కుడికన్ను ఇంకో ఏడాది ఆగదు. శుక్లం ముదిరిపోయింది. లోపల ఒత్తిడి పెరిగితే తరవాత నేనేమీ చెయ్యలేను. ఇప్పుడు తీస్తే చూస్తుంది. లేకపోతే లేదు."

"దేవుడి చిత్తం" అన్నారు పాస్టరు గారు. "నైవలు చాప మడిచెయ్యండి. మిగతా దీవులకి పోదాం."

సలసెయిని ఆ చాప దగ్గర కూర్చుంది. మడవలేదు. చేత్తో రాస్తూ అడిగింది. "చావింటికి ఎవరు రావచ్చు?"

"ఏడ్చేవాళ్ళు" అన్నాడు ఇలైతియా.

"వాళ్ళని ఎవరైనా ఆపుతారా?"

"ఎవరాపుతారు?"

"అయితే మనం ఏడ్చేవాళ్ళం."

పాస్టరు గారి ముఖం ఎర్రబడింది. "చావుని అడ్డం పెట్టుకుని పని చేసుకుంటామా? తప్పు కాదూ?"

"ఆయన నాకు తౌవూ, పాస్టరు గారూ" అంది ఆమె. "నేను ఏడవడానికి మీ అనుమతి కావాలా?"

తౌవూ అంటే, ఎప్పుడో ఒకే పూర్వీకుడికి పుట్టిన రెండు ఊళ్ళ వాళ్ళు. ఎక్కడ కనిపించినా తిట్టుకోవాలి, ఒకరి వస్తువు ఒకరు ఎత్తుకుపోవాలి, కోపం తెచ్చుకోకూడదు. రేవా నది ఒడ్డున సలసెయిని వాళ్ళ ఊరు, నైవలు అలాంటివి. ఆ పెద్దాయన మా పెళ్ళికొచ్చి నా బూట్లు వేసుకుని ఓడెక్కి పోయినవాడు. అతని కోసం ఆమె నిజంగానే ఆ మధ్యాహ్నం ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, మళ్ళీ కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

ఈసారి పథకం మొత్తం మారింది. పరామర్శకి వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళే చాపలు, కిరసనాయిలు, చేమదుంపలు, తిమింగలం పన్ను ముందు ఎక్కాయి. మందులు వాటి వెనక. ఇంజను గట్టు బయటే ఆగాలి, లోపలికి తెప్పలు గెడ వేసుకుంటూ పోవాలి. జనరేటరు ఓడ మీదే ఉండి బ్యాటరీలకి ఎక్కించాలి, నేను వాటిని మోసుకెళ్ళి మోసుకురావాలి. కత్తులు ఓడలోనే ఉడకాలి. విధవ గడప దాటదు గనక డాక్టరే లోపలికి పోవాలి. ఆ ఇళ్ళలో బల్లలుండవు. సలసెయిని డాక్టర్ నెరిడాని చాప మీద మఠం వేయించి, దుప్పటి కింద పడుకున్న ఇలైతియా ముఖం మీద చేతులు ఆడించమంది.

"నా మోకాళ్ళు విరిగిపోతున్నాయి సలసెయినీ."

"ఇక్కడ విరగనివ్వండి డాక్టరమ్మా. అక్కడ విరిగితే మీరు కెవ్వుమంటారు. అక్కడ కెవ్వుమనకూడదు."

బయలుదేరే ముందు రోజు మాతో ఆమె చేయించింది నేను ఎన్నటికీ మరిచిపోలేను. సువా నుంచి నైవలు దాకా ఆ ప్రయాణం మొత్తం, చాప చాపకీ, ఒక్క మాట లేకుండా నడవమంది. మేం ఎలాంటి మనుషులమంటే, ఉప్పు అందివ్వమనడానికి కూడా కథ చెప్పి నవ్వించి అడిగేవాళ్ళం. హాలు తలుపులు తెరిచే ఉన్నాయి, బయట బస్సులు పోతున్నాయి, లోపల మేం పెట్టెలు మోసుకుంటూ, చూపులతో పిలుచుకుంటూ, చేతులతో అందుకుంటూ కదిలాం. మొదట నవ్వు తన్నుకొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. ఎవరి పెట్టె ఎవరి చేతుల్లోకి వెళ్ళాలో చేతులకే తెలిసిపోయింది. చర్చి పాటలప్పుడు కూడా ఆ హాల్లో నాకు ఒళ్ళు అలా జలదరించలేదు. చివరి చాప చేరాక పాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. ఏమీ అనకూడదు కదా, తల వంచి ఆమెకి దణ్ణం పెట్టారు.

నైవలులో పొద్దున పోటుకి తెప్పలు గట్టు దాటాయి. గెడల నుంచి నీళ్ళు కారే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇసక మీద ఊరంతా నల్లబట్టల్లో నిలబడి ఉంది. కోళ్ళని కూడా బుట్టల కింద పెట్టారు. మేం చావింటి ముందు కూర్చున్నాం. ఆడవాళ్ళ వరసలో సలసెయిని గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇలైతియా తిమింగలం పన్ను రెండు చేతులా పట్టుకుని మాట్లాడాడు. పోయినవాడి గురించి బాగా మాట్లాడాడు. ఆఖరున, "మాకొక మనవి ఉంది. మాతో ఒక డాక్టరు ఉంది. మీ ఇంట్లో కళ్ళు ఉన్నాయి" అని ఆపాడు.

సకియూసా పన్ను అందుకున్నాడు. అందుకుని చేతిలో అలాగే పట్టుకున్నాడు. పన్ను అందుకున్నాక కాదనడం మర్యాద కాదు. అవుననడానికి అతనికి నోరు రావడం లేదు. అన్న గోరీ మీద మట్టి ఇంకా ఆరలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "పోయినసారి ఖాళీ చేతులతో వచ్చారు. ఈసారి చేతుల నిండా తెచ్చారు. అర్థం కాక అడుగుతున్నాను. ఏడవడానికొచ్చారా, పనికొచ్చారా?"

ఇలైతియా వెనక్కి తిరిగి పాస్టరు గారి వైపు చూశాడు. ఈ ప్రశ్న ఏ చాప మీదా లేదు. పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. లోపల, మూలన, చాపల దొంతర పక్కన ఉలమిలా ముఖం మాటలు వచ్చిన వైపు తిరిగి ఉంది.

వెనక వరసలోంచి సలసెయిని లేచింది. ఆడవాళ్ళు అక్కడ మాట్లాడరు. తౌవూని మాత్రం ఎవరూ ఆపరు.

"ఏడవడానికే వచ్చాం రా, ఎండుకొబ్బరి మొహమా" అంది లోగొంతుతో. "కానీ మీ ఊరి ఏడుపు చూస్తే సిగ్గేస్తోంది. సగం మంది ఎటు తిరిగి ఏడుస్తున్నారో వాళ్ళకే తెలీదు. ఇందాక ఒక తాత కిరసనాయిలు డబ్బాని కావిలించుకుని శోకం పెట్టాడు. మా ఊళ్ళో పీతలు కూడా చూసి మరీ కుడతాయి."

ముందు వరసలో ఒక ముసలాయన భుజాలు కదిలాయి. పక్కవాడివి కదిలాయి. నవ్వకూడదు గనక ఊరంతా నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం గాలికి ఆకుల్లా ఊగుతున్నాయి. ఆ డబ్బా తాత అందరికంటే ఎక్కువ ఊగాడు. నోటికి చెయ్యి పెట్టుకున్న సకియూసా కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అవి ఏ నీళ్ళో నాకు ఇప్పటికీ తెలీదు.

మూలనుంచి ఉలమిలా గొంతు వచ్చింది. "ఆ పీతలదొంగ ఎవరు? దగ్గరికి రమ్మనండి. గొంతు బాగుంది."

అదే "రండి" అనడం. సకియూసా పన్నుని నుదుటికి తాకించుకున్నాడు.

ఆమె కన్ను చావింట్లోనే కోశారు. తెల్లదుప్పట్లు నాలుగు వైపులా కట్టి, చాపల మీద పడుకోబెట్టి, డాక్టర్ నెరిడా మఠం వేసుకుని, నా బ్యాటరీ దీపం నుదుటికి కట్టుకుని కోసింది. మోకాళ్ళు విరగలేదు. పక్క ఇళ్ళల్లో మిగతావాళ్ళకి వరసగా చేశారు. తెప్పలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. ఆ దీవి అంతా ఒక పెద్ద దేహంలా, తనకు తానే మెల్లగా కట్టు కట్టుకుంటున్నట్టు అనిపించింది. వాటన్నిటి మధ్యా సలసెయిని చేతులు ఖాళీగా పెట్టుకుని, ఉలమిలా తల దగ్గర కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నో అడగబోయింది. ఉలమిలా వేళ్ళు చూడలేదు. ముందు భర్త పడుకునే చోటు చూసింది. చాలాసేపు చూసింది. తరవాత కింద చాప అంచు చూసింది, అలంకారానికి కట్టిన రంగు ఊలు ముడి ఒకటి సవరించింది. తరవాత తల దగ్గరున్న మనిషి వైపు తిరిగింది.

"నువ్వేనా పీతలదొంగవి?" అంది గుసగుసగా. "గొంతు విని అందగత్తెవనుకున్నాను."

"ఇంకో కన్ను కూడా ఉండుంటే ఏడ్చిపోయేదానివి" అంది సలసెయిని.

గుమ్మంలో ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక్కరూ చప్పుడు చెయ్యలేదు. ఎవరో కూర్చున్నారు, తరవాత ఒకరి వెనక ఒకరు అందరూ నేల మీద కూర్చున్నారు. పెద్దవాళ్ళ ముందు కూర్చున్నట్టు. పాస్టరు గారు కూడా కూర్చున్నారు. ప్రార్థన చెయ్యడం మరిచిపోయానని ఓడెక్కాక చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు దాటాక ఇంజను మోగింది. అప్పుడు అడిగాను. "ఆ మాట ముందే అనుకున్నావా?"

"లేదు మాస్టారూ. అనుకుంటే చాప మీద పెట్టేదాన్నిగా" అంది. ఆ ఖాళీ చాప సంగతి ఉలమిలాకి కూడా చెప్పానని, ఆమె నవ్వకూడదని దిండు కొరికిందని చెప్పింది.

సలసెయిని పోయిన కబురు విని సంఘం వాళ్ళు రేవా ఒడ్డున ఆమె ఊరికి వచ్చారు. ఎవరికి వారే యంగోనా కట్ట పట్టుకొచ్చారు. పాస్టరు గారు ఒకటి, ఇలైతియా ఒకటి, మందుల పెట్టె మోసేవాడు ఒకటి. బ్రిస్బేన్ నుంచి దిగిన డాక్టర్ నెరిడా చేతిలోనూ ఒకటి. గుమ్మం దగ్గర అవి కుప్ప పడ్డాయి. కుప్పని చూసి ఇలైతియా, "చూశావా మరదలా, ఇప్పుడు అందరిదీ అయింది" అని, ఇక నిలబడలేక పక్కకి పోయాడు.

సరుకుల ఓడలో ఉలమిలా వచ్చింది, ఒంటరిగా, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా. చంకలో చుట్టిన చాప. ఏ రంగు ఊలూ, ఏ బొమ్మా లేని తెల్ల చాప. అంత సన్నటి అల్లిక నేను చూడలేదు.

"దీని మీద ఏమీ పెట్టలేదు" అంది నాతో. "దానిదే కదా ఆలోచన. ఖాళీగా ఉంచమని."

ఆడవాళ్ళు సలసెయినిని ఎత్తి, ఆ చాప పరిచి, దాని మీద పడుకోబెట్టారు. ఉలమిలా కాళ్ళ దగ్గర నిలబడింది. కుడికన్ను కొంచెం దగ్గరికి చేసి అంచు మొదటి నుంచి చివరికి చూసింది.

"వంకరగా వేశార్రా" అంది గట్టిగా. రేవా ఒడ్డున నవ్వడానికి ఏ అడ్డూ లేదు. "బతికుండగా ఎన్ని చాపలు తిన్నగా పరిచింది ఈ పీతలదొంగ! ఎత్తండి, ఎత్తండి."

మళ్ళీ ఎత్తారు. ఉలమిలా వంగి, కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి, చాప సరిచేసింది.